రూకలు మార్చేవాళ్ల తరఫున ఒక అప్పీలు

యెరూషలేము దేవాలయంలో యేసు చేతుల్లో రూకలు మార్చేవాళ్ల బల్లలు తలకిందులై దాదాపు రెండు వేల ఏళ్లు కావస్తోంది. ఇన్నేళ్లలో ఆ రూకలు మార్చేవాళ్ల పక్షాన నోరు విప్పినవాడు లేడు. ఏటా మట్టల ఆదివారం వెళ్లిన మర్నాటి నుంచి ఏ గుళ్లో వర్తమానం విన్నా వాళ్లకి తిట్లే. విచారణ లేదు, వాయిదా లేదు, సాక్షుల్ని పిలిచింది లేదు. పేనిన తాళ్ల కొరడాయే తీర్పు. పోనీ, ఇన్నాళ్లకి నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను. తీర్పు తప్పని నా వాదన కాదు, ఆ తీర్పు చెప్పినవాడి ముందు నాకు నోరు లేవదు. ఒకే నేరానికి ఆ రోజు కొరడా ఏమిటి, ఈ రోజు శాలువా ఏమిటి అన్నదొక్కటే నా అప్పీలు.

ముందు నా కక్షిదారులు చేసిన పాపమేమిటో చూద్దాం. ఇరవై ఏళ్లు నిండిన ప్రతి యూదుడూ ఏడాదికి అర షెకెలు దేవాలయపు పన్ను కట్టాలి. అదీ తూరు పట్టణపు వెండి నాణెంలోనే కట్టాలి, వెండి నాణ్యం అందులో బాగుంటుంది గనక. ఆ నాణెం మీద మెల్కార్తు అనే అన్యదేవుడి తలకాయ ఉండేది. అయినా యాజకులు మారు మాట్లాడకుండా పుచ్చుకునేవాళ్లు. బొమ్మ ఎవరిదైతేనేం, వెండి మంచిదైతే చాలు. దూరదేశాల నుంచి పస్కాకి వచ్చిన యాత్రికుడి మొలలో ఏ ఊరి డబ్బో ఉంటుంది. దాన్ని మార్చి, కొంత వట్టం పట్టుకుని, తూరు నాణెం చేతిలో పెట్టేవాడు నా కక్షిదారు. గువ్వలమ్మేవాడు అంతకన్నా నయం. గొర్రెపిల్లను కొనలేని బీదవాళ్లు గువ్వలు తెచ్చుకోవచ్చని ధర్మశాస్త్రమే సడలింపు ఇచ్చింది. పసివాణ్ణి ఎత్తుకుని వచ్చిన మరియ, యోసేపు అర్పించిందీ ఆ బీదల అర్పణే. డబ్బిస్తే పిట్ట చేతికి వచ్చేది, ఏం కొన్నాడో కొన్నవాడికి తెలిసేది, చిల్లర తిరిగి వచ్చేది. ఈ మూడూ దయచేసి గుర్తుంచుకోండి.

ధరలు మండిపోయేవన్నది నిజమే. జత గువ్వలు బంగారు దీనారాల్లో పలికిన కాలం ఒకటుందని యూదుల ధర్మసంకలనం మిష్నా చెబుతోంది. అప్పుడు సీమోను బెన్ గమలీయేలు అనే పెద్దాయన, ఈ ధర దిగేదాకా ఈ రాత్రి పడుకోనని ఒట్టు పెట్టుకున్నాడట. నేరుగా న్యాయసభకి వెళ్లి, ఐదు కాన్పులైన స్త్రీ ఒక్క అర్పణ తెస్తే చాలు, మిగతా నాలుగూ ఆమె మీద బాకీ కావని నియమం చెప్పేశాడు. ఆ రోజే గువ్వల ధర వెండి దీనారంలో ఓ చిన్న భాగానికి పడిపోయింది. గిరాకీ తగ్గితే ధర తగ్గుతుందని ఎరిగినవాడు, అమ్మేవాళ్లని తిట్టడం మానేసి సొంత నియమాన్నే సడలించాడు. మన దగ్గర అభిషేక తైలం సీసా రేటు దిగేదాకా నిద్రపోనన్న దైవజనుడు ఎక్కడైనా ఉంటే కబురు చెయ్యండి, నేనే దండ పట్టుకుని వస్తాను.

ఇక చోటు సంగతి. మా వాళ్లు బల్లలు వేసుకున్నది ఆలయపు బయటి ఆవరణలో. పరిశుద్ధ స్థలం గడప తొక్కలేదు, బలిపీఠం మీద రేట్ల పట్టిక అంటించలేదు. అయినా ఆ బయటి ఆవరణే అసలు గొడవ. అది అన్యజనుల ఆవరణ. యూదుడు కానివాడు దేవుడికి మొక్కుకోవాలంటే అదొక్కటే చోటు. అక్కణ్ణుంచి అడుగు లోపలికి వేస్తే ప్రాణం పోతుందని గ్రీకులో రాతి మీద చెక్కించి పెట్టారు. ఆ రాయి 1871లో బయటపడింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. పరాయివాడికి మిగిల్చిన ఆ కాస్త జాగాలో ఎడ్లు, గొర్రెలు, బేరాలు. సమస్త జనాలకీ ప్రార్థన మందిరం కావలసిన చోట కొత్తవాడికి మోకాళ్లూనే నేల లేదు. కొరడా లేచింది అందుకేనని నేననుకుంటాను. మార్కు రాసిన దాంట్లో ఇంకో చిన్న సంగతి ఉంది, ఎవరూ దాని మీద వర్తమానం చెప్పగా వినలేదు: ఆవరణలోంచి సామాను మోసుకుపోవడం కూడా ఆయన ఆపేశాడు. అడ్డదారిగా వాడుకోవడం కూడా కుదరదన్నమాట.

ఇప్పుడు మన గుళ్లోకి కొత్తగా వచ్చినవాణ్ణి చూడండి. పక్కింటివాళ్లు పిలిస్తేనో, ఇంట్లో జబ్బు మనిషి మంచం దిగకపోతేనో వస్తాడు. చెప్పులు బయట విడిచి, వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీ చూసుకుని కూర్చుంటాడు. గుమ్మంలోనే క్యూఆర్ కోడ్ అట్ట. లోపల వేదిక మీద ఇంకోటి. పాటలు చూపించే తెర మూలన మూడోది. మొదటి పాట కాగానే ప్రకటనలు: మందిర నిర్మాణ నిధి, సౌండ్ సిస్టమ్ వాయిదా, వచ్చే నెల మహాసభలకి షామియానా, సభలకొచ్చేవాళ్ల భోజనాలకి బియ్యం బస్తాలు. ఆ తర్వాత కర్రకి కట్టిన ఎర్ర వెల్వెట్ సంచి బయలుదేరుతుంది. చప్పుడు కాని కానుక వెయ్యండి అని సంఘ పెద్ద చతురోక్తి. బిళ్లలు చప్పుడు చేస్తాయి, నోట్లు చెయ్యవు గదా. అందరూ నవ్వుతారు, గుప్పిట్లో ఐదు రూపాయల బిళ్ల పట్టుకున్నవాడు తప్ప. అటు తర్వాత వాక్యం. వాక్యం చల్లారకముందే దశమభాగాల కవర్లు, కృతజ్ఞతార్పణలు, పుట్టినరోజు కానుకలు, పెళ్లిరోజు కానుకలు. ఒక్కో పేరూ, ఒక్కో మొత్తమూ మైకులో చదువుతారు. పెద్ద అంకె వచ్చినప్పుడు స్తోత్రం కప్పు ఎగిరేలా వినిపిస్తుంది. వంద దగ్గరికి వచ్చేసరికి అదే స్తోత్రం గొంతు దాటదు. రెండు గంటలు కూర్చుని లేచిన ఆ కొత్తవాడికి ఇంటికెళ్లేసరికి కంఠతా వచ్చేది దేవుడి బ్యాంకు అకౌంటు నంబరు.

టీకొట్టు మీద ఉండే సౌండ్ బాక్సు ఒక్కటే ఇంకా గుళ్లోకి రాలేదు. అదీ వచ్చేస్తే పని తేలిక. కళ్లు మూసుకుని ప్రార్థిస్తుండగా ఐదు వందల రూపాయలు అందాయని ఆడగొంతు పలుకుతుంది, సంఘమంతా ఆమెన్ అంటుంది, మైకులో చదివే పెద్దాయన గొంతు మిగులుతుంది.

దేవాలయంలోనూ డబ్బు పెట్టెలుండేవి, నేను కాదనను. మిష్నా లెక్క ప్రకారం బూర ఆకారంలో 13 పెట్టెలు, ఏది దేనికో దాని మీదే రాసి ఉండేది. అది కాదు గొప్ప. రహస్యాల గది అని ఇంకోటుండేది. పాపభీతి ఉన్నవాళ్లు ఎవరూ చూడకుండా అందులో డబ్బు పెట్టి వచ్చేవాళ్లు. బతికి చెడ్డ కుటుంబాలవాళ్లు ఎవరూ చూడకుండా అందులోంచి తీసుకుని పోయేవాళ్లు. ఈ రెండో సగాన్ని మరోసారి చదువుకోండి. మన గుళ్లో బీదవాడు లోపలికి చెయ్యి పెట్టి తీసుకోగల పెట్టె ఏదైనా ఉందా? ఉంటే దాని నెత్తిన సీసీ కెమెరా కూడా ఉంటుంది.

బీద విధవరాలు వేసిన రెండు కాసుల మీద చెప్పినన్ని వర్తమానాలు సొలొమోను సిరి మీద కూడా చెప్పి ఉండరు. ఆమె ఉన్నదంతా వేసేసింది, మీరెందుకు వెయ్యరు అన్నది సారం. ఇది చెప్పేవాళ్లు మార్కు సువార్త 12వ అధ్యాయం 41వ వచనం దగ్గర బైబిలు తెరుస్తారు. 40వ వచనం దాని పైనే ఉంటుంది, చూపించుకోవడానికి పొడుగు ప్రార్థనలు చేస్తూ విధవరాళ్ల ఇళ్లు మింగేసే శాస్త్రుల గురించి. 41 నుంచి మొదలుపెట్టాలంటే 40 మీద బొటనవేలు అడ్డం పెట్టుకోవాలి. ఏళ్ల తరబడి వేలు తప్పకుండా అక్కడే పడుతోందంటే మామూలు సాధన కాదు.

కోత పండుగ గురించి చెప్పకపోతే నా వకాల్తా సగంలో ఆగినట్టే. పంట ఇంటికొచ్చే రోజుల్లో గుడి ముందుభాగమంతా వరి కంకుల వాసన. గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, అరిసెల డబ్బాలు, కాళ్లు కట్టిన కోళ్లు. నా చిన్నప్పుడు ఇంట్లో అమ్మ పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేది, అది కూడా ఆ రోజు సంచిలో పోసుకుని వెళ్లేవాళ్లం. ఆ గుప్పెడు ఎంతో ఎవరూ కొలవలేదు. ఇంతవరకూ నాకే ఫిర్యాదూ లేదు. ప్రార్థన అయిన తర్వాత వేలం మొదలవుతుంది, అక్కడ నేను లేచి నిలబడుతున్నాను.

ఒక ఏడు ఒక నాటుకోడి. రెండు వందల దగ్గర మొదలైంది. ట్రాక్టరున్న ఆయన ఒక పక్క, రోడ్డు కాంట్రాక్టులు చేసే ఆయన ఒక పక్క. ఇద్దరికీ గట్టు తగాదా ఉంది, మాటల్లేవు. ఆ సంగతి వేలం పాడుతున్న పెద్దకి బాగా తెలుసు. "ఎనిమిది వందలు ఒకటోసారి! దేవుడు నీకు రెండు పంటలిచ్చాడు తమ్ముడూ, ఎనిమిది వందల దగ్గర ఆగిపోతావా?" తమ్ముడు వెయ్యి అన్నాడు. "కాంట్రాక్టరు గారు తలొంచుకున్నారు, బిల్లులు పాసవ్వలేదేమో!" నవ్వులు. కాంట్రాక్టరు గారు పన్నెండొందలన్నాడు. కోడి పదహారొందలకి కొట్టేశారు. కొన్నవాడు ఉదారంగా దాన్ని మళ్లీ సంఘానికే ఇచ్చేశాడు, మళ్లీ వేలం, ఇంకో తొమ్మిది వందలు. ఆ కోడి ఆ రోజు రెండుసార్లు దేవుడికి సమర్పణ అయి, సాయంత్రానికి ఎవరి కూరలో తేలిందో నాకు తెలియదు. దాని తర్వాత ఒక పొట్లకాయ వచ్చింది. ఒక మామ్మ పెరట్లో పందిరి వేసి, వంకర పోకుండా కొసకి రాయి కట్టి పెంచి తెచ్చిన కాయ. "ఇరవై రూపాయలు. ఎవరూ లేరా? పొట్లకాయంటే అందరికీ అంత అలుసా? పోనీ, పది!" మళ్లీ నవ్వులు. మామ్మ మూడో వరసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ నవ్వింది. ఆ నవ్వును నేను పక్క నుంచి చూశాను. అప్పుడు ఎవరైనా బల్ల తిరగేసి ఉంటే బాగుండునని ఈనాటికీ అనుకుంటాను. ఎవరూ తిరగెయ్యలేదు, నాతో సహా. ఆ రోజు వసూలు గత ఏటి కంటే ఎక్కువైందని ప్రకటించారు, చప్పట్లు కొట్టాం.

కుడిచేతితో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న మాటను మన సంఘాలు కచ్చితంగా పాటిస్తాయి. ఎడమచేతికి తప్ప ఊరందరికీ తెలియజేస్తాయి. గుమ్మం మీద శిలాఫలకం, గడియారం మీద పేరు, కుర్చీ వీపు మీద పేరు, ప్రసంగ వేదికకి ఇత్తడి రేకు. ఫ్యాను రెక్కల మీద మాత్రం ఎవరు రాయించారో గానీ ధన్యజీవి. తిరిగినంతసేపూ పేరు కనబడదు, కరెంటు పోయి సంఘమంతా చెమటలు కక్కుతున్నప్పుడే దాత వెలుగులోకి వస్తాడు.

సరుకుల సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, అది అంత రుచికరమైన విషయం కాదు. కొత్త సంవత్సరం వాగ్దానపు క్యాలెండర్లు, అందులో పన్నెండు నెలలకీ దైవజనుడి కుటుంబం పన్నెండు భంగిమల్లో. తైలం సీసాలు, ప్రార్థించిన చేతిరుమాళ్లు, యొర్దాను నీళ్లు. అమ్ముతున్నారా అని అడిగితే, రామ రామ, అమ్మడమేమిటి, పరిచర్య అంటారు. పోనీ ఊరికే ఇవ్వమంటే ఇవ్వరు. రామ రామ అన్నది నేను చేర్చాను, వాళ్లు అయ్యో ప్రభువా అంటారు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా మేరీమాత ఉత్సవాలకి గుణదల కొండ కింద రోడ్డు పొడవునా దుకాణాలే. కొవ్వొత్తులు, జపమాలలు, గాజులు, బొమ్మలు, ఖర్జూరం. వాటి మీద నాకు పిసరంత అభ్యంతరం లేదు. దుకాణం దుకాణంలా ఉంది, బేరమాడితే పది రూపాయలు తగ్గిస్తారు కూడా. పరిచర్యతో బేరమాడలేం గదా.

ఇక విత్తనం. నీ దగ్గరున్న డబ్బు విత్తనం, దాన్ని ఈ పరిచర్యలో నాటు, నూరంతలుగా కోసుకుంటావు. ఇదొక బోధ. నాటడం, కోయడం అంటే ఏమిటో మూడు తరాలుగా ఎరిగిన రైతులే దీనికి ఆమెన్ అంటుంటే నాకు ఆశ్చర్యం. ఏ విత్తనమైనా వేసినవాడి చేలోనే మొలవాలి. ఇది మాత్రం వేసేది నువ్వు, మొలిచేది వాళ్ల కాంపౌండులో. పైగా ఇది మన నేల విత్తనం కాదు. అమెరికా టీవీ బోధకుడు ఓరల్ రాబర్ట్స్ ప్రచారం చేసిన రకం. ఆయన 1987లో, మార్చిలోగా 80 లక్షల డాలర్లు సమకూరకపోతే దేవుడు నన్ను తన దగ్గరికి పిలిచేసుకుంటాడని ప్రేక్షకులకి చెప్పాడు. బందిపోటు పిల్లాణ్ణి ఎత్తుకుపోయి డబ్బడిగిన కథలు విన్నాం. దేవుడే బందిపోటూ, బోధకుడే పిల్లాడూ అయిన కథ అదొక్కటే. డబ్బు సమకూరింది. అందులో 13 లక్షల డాలర్లు ఫ్లోరిడాలో కుక్కపందేల మైదానాలున్న ఆసామి ఇచ్చాడు. తెలుగు టీవీలో ఆ స్థాయి బెదిరింపులు ఇంకా రాలేదు. కార్యక్రమం ఆగిపోతుందని బెదిరిస్తారంతే. అరగంట కార్యక్రమంలో పది నిమిషాలు డబ్బడుగుతారు. ఆ డబ్బెందుకంటే, వచ్చే వారం అరగంట కొనడానికి. ఆ అరగంటలో మళ్లీ పది నిమిషాలు అడగాలి.

క్యాథలిక్కులు దీన్ని చదివి గుండెల మీద చెయ్యి వేసుకోనక్కర్లేదు. 1517లో జోహాన్ టెట్జెల్ పాపదండన తగ్గింపు చీటీలు ఊరూరా అమ్మినప్పుడు రోములో సెయింట్ పీటర్స్ కట్టడానికనే చెప్పాడు. నిజానికి అందులో సగం ఆగ్స్‌బర్గ్ ఫుగ్గర్ల బ్యాంకుకి పోయేది. మైంజ్ ఆర్చిబిషప్ పదవి కోసం రోముకి కట్టిన సొమ్మును ఆల్బ్రెక్ట్ ఆ బ్యాంకులోనే అప్పు తెచ్చాడు, వాయిదాలు కట్టాలి గదా. పోపు అంత ధనవంతుడై ఉండి ఆ గుడి తన డబ్బుతో ఎందుకు కట్టుకోడని జనం అడుగుతున్నారని మార్టిన్ లూథర్ తన 95 వాదాల్లో ఒకటిగా రాసిపెట్టాడు. ఆ ప్రశ్న మన మందిర నిర్మాణ నిధులకి ఇంకా చేరలేదు. పునాదిలోంచి లేచిన ఇనుప చువ్వలు తుప్పు పట్టి, వాటి మీద పిల్లలు టవళ్లు ఆరేసుకుంటున్నా నిధి మాత్రం నిత్యనూతనం. 1983 కానన్ లా 947వ నియమం, పూజ కానుకల్లో వ్యాపారపు ఛాయ కూడా ఉండరాదంటుంది. పోపు ఫ్రాన్సిస్ 2014 నవంబరు 21న ఉదయపు పూజలో ఒక జంట కథ చెప్పాడు. పెళ్లి పూజతో పాటు జరగాలని వాళ్లు అడిగితే, ఒక్కో పెళ్లికి 20 నిమిషాలే, పూజ కావాలంటే రెండు పెళ్లిళ్ల రుసుము కట్టండని పారిష్ కార్యాలయంలో చెప్పారట. నా కక్షిదారులు దీన్ని విని ఉంటే పెన్ను తీసి రాసుకునేవాళ్లు. నిమిషాల లెక్కన గువ్వలమ్మడం వాళ్లకి తట్టలేదు పాపం.

డబ్బు లేకుండా సంఘం నడుస్తుందా అని మీరడుగుతారు, నేను నడవదనే అంటాను. మన గడ్డ మీదే జరిగిన ఒక సంగతి చెబుతాను. 1876 నుంచి 78 దాకా పడిన కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. అవును, కాంట్రాక్టే, పక్కా వ్యాపారం. వేల మందికి మట్టిపని, కూలి డబ్బులు, దాంతో గింజలు. పనికొచ్చినవాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. ఆయన ఇవ్వలేదు. కరువు తీరేదాకా ఒక్కరికీ ఇవ్వలేదు. కడుపు కోసం వచ్చాడో దేవుడి కోసం వచ్చాడో తేలాలంటే కూలి ఆగాలి అనుకున్నాడు. కూలి ఆగింది, కూడు పెట్టేవాడు లేడు, అయినా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది మునిగారు. కాలువ గట్టు మీద డబ్బు, ఏటిలో బాప్తిస్మం. ఆ రెంటినీ ఆయన కలవనివ్వలేదు. నెలాఖరికి లక్ష్యం చేరని నేటి పరిచర్య మేనేజర్లెవరైనా ఆ రోజు క్లౌ దొర పక్కన ఉంటే, ఇంత మంచి గిరాకీని చేజేతులా పాడుచేశావని తల బాదుకునేవాళ్లు.

హైదరాబాదు హెబ్రోను సంఘం సంగతి పాతవాళ్లకి తెలుసు. దాన్ని నడిపిన బక్త్ సింగ్ గారికి 2000లో కన్నుమూసేదాకా జీతం లేదు, విజ్ఞప్తి లేదు, ఫలానా అవసరం ఉందని మనుషులకి చెప్పే అలవాటు లేదు. దేవుడికి చెప్పుకోవడమే. ఏటా పరిశుద్ధ సమాజ కూడికలకి వేలమంది వస్తే రోజులతరబడి బంతి భోజనాలు పెట్టారు, ఎవరి దగ్గరా కూపను చింపలేదు. ఆయన వేదాంతంలో నాకు కుదరనివి ఉన్నాయి, ఆ చర్చ ఇంకోసారి. అడగకపోతే రాదన్న సిద్ధాంతం మాత్రం ఆ వంటశాలలో గంజి వార్చుకుంది.

అడగడం మీద తొలినాటి సంఘానికి ఎంత అనుమానమో తెలియాలంటే దిదఖే అనే చిన్న పుస్తకం చూడాలి. మొదటి శతాబ్దం చివరో, రెండోది మొదట్లోనో రాసింది. ఊరికి అపొస్తలుడు వస్తే ఆదరించండి, మూడు రోజులున్నాడంటే దొంగ ప్రవక్త, వెళ్తూ డబ్బడిగాడంటే దొంగ ప్రవక్త అని దాని తాత్పర్యం. ఈ కొలబద్దను మన జంక్షన్లో నిలబెడితే మహాసభల ఫ్లెక్సీలు సగం దిగిపోతాయి, మిగతా సగం మూడు రోజుల నిబంధనకి పోతాయి. పౌలు కూడా యెరూషలేము బీదల కోసం చందా పోగుచేశాడు. కానీ కొరింథు వాళ్లకి ఏమని రాశాడు? వారం మొదటి రోజున ఎవరింట్లో వాళ్లు తీసి పెట్టుకోండి, నేను వచ్చాక వసూళ్లు పెట్టుకోవద్దని. తన ఎదుట సంచి తిరగడమే ఆయనకి ఇష్టం లేదు. తిండికి డేరాలు కుట్టుకున్నాడు. గుళ్లో స్టాలు పెట్టి కుట్టలేదు.

ఇదంతా చదివి బాధపడేది ఎవరో నాకు తెలుసు. శనివారం రాత్రి వాక్యం సిద్ధపడి, ఆదివారం పాత మోపెడ్ మీద మూడు పల్లెలు తిరిగి, నెలకి ఒక బియ్యం బస్తా, రెండు వేలు చూసే అయ్యగారు. పిల్ల కాలేజీ ఫీజు ఎలాగని అమ్మగారు అడిగితే బైబిలు తిరగేస్తూ కూర్చునే మనిషి. ఆయన్ని నేను అనలేదు. ఆయన సంచిలోకి రావలసిన డబ్బే టీవీలో విత్తనంగా పోతోంది. ఆయన సంఘంలోని కూలి మనిషి దూరాన ఉన్న పెద్ద దైవజనుడికి ఫోన్‌పే చేసి, ఈయనకి వందనాలు చెప్పి వెళుతుంది. మామ్మ పొట్లకాయ ఆయనింటికి నేరుగా వెళ్లి ఉంటే ఆ పూట కూరయ్యేది, వేలం పాడేవాడి వేళాకోళం మాత్రం అయ్యేది కాదు.

కోశాధికారి గారిని మొన్న ఆరాధన అయ్యాక పట్టుకున్నాను. మంచి మనిషి, లెక్కల్లో పైసా తేడా రానివ్వడు. నేనడిగినవి పెద్ద కోరికలేం కావు. ఆ క్యూఆర్ అట్ట, ఆ పెట్టె వరండాలోకి మార్చండి, పేర్లూ మొత్తాలూ చదవడం ఆపండి, ఏడాదికి ఒకసారి జమాఖర్చులు మాత్రం మైకులో చదవండి అన్నాను. జమాఖర్చులనగానే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కాసేపాగి, "వరండాలో పెడితే ఎవరూ వెయ్యరు గదండీ" అన్నాడు.

"లోపల వేస్తున్నదెవరికంటారూ?"

"అదంతా నాకెందుకండీ," అని రసీదు పుస్తకం చంకన పెట్టుకుని స్త్రీల సమాజం వాళ్లు కూర్చున్న వైపు వెళ్లిపోయాడు. కోత పండుగకి కోళ్లెన్ని వస్తాయో ఈ వారమే రాసుకోవాలట.